గోదావరి డెల్టా సాహిత్యంలో కుటుంబం: అన్నం పెట్టే ఇల్లా, వాటా పంచే ఇల్లా?

ప్రశ్న: 'కొబ్బరితోట దారి'

అందరికీ నమస్కారం. నేను కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను. చివరి సంవత్సరం విద్యార్థులకు ఈసారి 'సాహిత్యంలో కుటుంబం' అన్న అంశం ఇచ్చి, మన గోదావరి జిల్లాల రచనల నుంచే ఉదాహరణలు తీసుకుని వ్యాసం రాయమన్నాను. వచ్చిన కాగితాలు దిద్దుతుంటే అన్నిటిలోనూ ఒకే ఇల్లు కనిపించింది. వీధి అరుగు, పెరట్లో పనసచెట్టు, వంటింట్లో అమ్మమ్మ, పండక్కి దిగిన మేనత్తలు, బంతి భోజనాలు, చివర్లో నేటి ఒంటరి కాపురాల మీద ఒక నిట్టూర్పు. భాష బాగానే ఉంది, భావానికి వంక పెట్టడానికీ లేదు. అయితే ఈ పిల్లల్లో కొందరి ఇళ్లలో అన్నదమ్ముల మధ్య వ్యాజ్యాలు నడుస్తున్నాయని ఊళ్లో అందరికీ తెలుసు, కొందరి తల్లులు గల్ఫ్ దేశాల్లో ఇంటిపని చేస్తున్నారు. తాము రోజూ చూస్తున్న ఇంటిని గుమ్మం బయటే నిలబెట్టి, పుస్తకాల్లో చదివిన ఇంటిని మాత్రమే వాళ్లు వ్యాసంలోకి రానిచ్చారు.

ఆ పుస్తకాల ఇల్లు అబద్ధమని నేను అనడం లేదు. అడవి బాపిరాజు గారి 'నారాయణరావు'లో కొత్తపేట ఇంటిని చదివినప్పుడు, జమీందారు కూతురు శారద ఆ ఇంట్లో మెల్లమెల్లగా కుదురుకున్న తీరును చూసినప్పుడు, అంతటి ఆప్యాయత ఉన్న ఇళ్లు మన ప్రాంతంలో ఉండేవని నమ్మబుద్ధి అవుతుంది. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ గారి 'బుడుగు'లో తల్లిదండ్రులను రాధ, గోపాలం అని పేర్లు పెట్టి పిలిచే ఆ పిల్లవాడి గొంతు వినని తెలుగు ఇల్లు అరుదు. వంశీ గారి పసలపూడి కథలు సరేసరి, వాటిని మా విద్యార్థులు నేను చెప్పకుండానే చదివేశారు. కానీ ఇంటికి ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది, అది ఎవరి పేరు మీద ఉంది, ఎవరు తిన్నాక ఎవరు తింటారు, ఎవరికి ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంది, ఎవరిది కేవలం దయాధర్మం అన్న ప్రశ్నలను సూటిగా పట్టుకున్న రచనలు మన డెల్టాలో ఏవి? వాటిని ఏ వరుసలో పిల్లల చేత చదివించాలి? పెద్దలు సూచించగలరు.

సమాధానం: 'ధవళేశ్వరం మాష్టారు'

అమ్మా, మీ ప్రశ్నకు సమాధానం మన మొదటి నవలల నాటి నుంచే మొదలవుతుంది. కందుకూరి వీరేశలింగం పంతులు గారి 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని'లో ధారావాహికగా మొదలై, 1880లో పుస్తకంగా వచ్చింది. దానికి గోల్డ్‌స్మిత్ ఆంగ్ల నవల ప్రేరణ అన్న సంగతిని మాత్రమే పరీక్షల కోసం పిల్లల చేత వల్లె వేయిస్తున్నారు గానీ, ఆ నవల మా ఊరి వర్ణనతో మొదలవుతుందనీ, దాని ఇరుసంతా ఒక గృహస్థు ఆస్తి కరిగిపోవడమేననీ ఎవరూ నిలబడి చూడరు. రాజశేఖరుడు మంచివాడు, అయితే పొగడ్తలకు లొంగుతాడు, శకునాలనూ జాతకాలనూ నమ్ముతాడు, బంగారం చేసి పెడతానన్న బైరాగిని ఇంట పెట్టుకుని ఉన్నది పోగొట్టుకుంటాడు. సొమ్ము ఉన్నన్నాళ్లూ చుట్టూ మూగిన బంధుమిత్రులు అది పోగానే మొహం చాటేస్తారు. కుటుంబం ఊరు విడిచి కాశీయాత్రకు బయలుదేరి దారిలో చెల్లాచెదురవుతుంది. చివరకు అందరూ కలుసుకోవడం ఆనాటి కథా సంప్రదాయం, దాన్ని పక్కన పెట్టవచ్చు. ఇల్లు ఎలా నిలుస్తుంది, ఎలా కూలుతుంది అన్న లెక్క మాత్రం మన నవలా సాహిత్యపు తొలి అడుగులోనే పడింది.

ఇక్కడ చిన్న పక్కదారి పట్టనివ్వండి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది, పంతులు గారు 1848లో రాజమహేంద్రవరంలో పుట్టారు. అంటే కాలువ నీళ్లు చేలల్లోకి దిగి, మెరక మాగాణిగా మారి, ఎకరానికి విలువ పెరుగుతున్న తరంలోనే ఆయన పెరిగారు. భూమికి విలువ పెరిగినప్పుడు ఎవరి పెళ్లి ఎవరితో, దత్తత ఎవరిని, మగపిల్లలు లేకపోతే ఇల్లరికం ఎవరు అన్న ప్రశ్నలన్నీ బరువెక్కుతాయి. చదువుకున్న ఉద్యోగస్థులూ, పత్రికలూ, గ్రంథాలయాలూ, నాటక సమాజాలూ కూడా ఆ పంట డబ్బు మీదనే లేచాయి. కనుక మన సాహిత్యంలో కుటుంబం గురించి చెప్పేటప్పుడు కాలువలను వదిలిపెట్టి చెప్పడం కుదరదని నా అభిప్రాయం.

తరువాత చదివించవలసినవారు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు. పొలమూరులో పుట్టిన ఆయనకు మన ప్రాంతపు ఇళ్లలో ఆడవాళ్లు మాట్లాడుకునే తెలుగు పట్టుబడినంతగా మరొకరికి పట్టుబడలేదు. 'అరికాళ్లకింద మంటలు' ఒక్కటి చాలు. పుట్టింటి పంచన పడి ఉన్న చిన్నవయసు వితంతువు చేత ఇంటిల్లిపాదీ చాకిరీ చేయించుకుంటారు, ఆ పురమాయింపులన్నీ మన చెవుల్లో మోగుతూనే ఉంటాయి. రచయిత అడ్డం వచ్చి ఇది అన్యాయమని ఒక్క ముక్క అనడు. చివరకు ఆ అమ్మాయి ఇల్లు విడిచి రాజమహేంద్రవరంలో పంతులు గారి శరణాలయం దారి పడుతుంది. రాజమహేంద్రవరంలో పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ తేదీని చరిత్ర పుస్తకంలో చదివితే సంస్కరణ అనిపిస్తుంది, ఈ కథ చదివాక ఆ శరణాలయానికి నడిచి వెళ్లవలసిన అవసరం ఒక ఇంట్లో ఎలా పుడుతుందో తెలుస్తుంది. వీలైతే ఆయన 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' నుంచి కొన్ని పుటలు కూడా జతచేయండి. సంస్కృతం, వేదం తప్ప మరొకటి చదువు కాదనుకునే వైదిక కుటుంబంలో తెలుగు రచన మీద మనసు పడ్డ కుర్రవాడు ఇంట్లో ఎంత ఇరుకున పడ్డాడో అక్కడ తెలుస్తుంది.

ఒక్క మనవి. ఇల్లంటే హక్కుల తగాదా మాత్రమేనని పిల్లలకు నూరిపోయకండి. బాపిరాజు గారి ఇల్లు కూడా నిజమే, ఆ ఇంట్లో తిన్నవాళ్లం మేము కొందరం ఇంకా ఉన్నాము.

సమాధానం: 'దస్తావేజు రాతగాడు'

మేడమ్ గారికీ మాష్టారికీ నమస్కారం. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు. సబ్ రిజిస్ట్రారు కచేరీ పక్కన కూర్చుని దస్తావేజులు రాసే వృత్తి మాది, మా నాన్నగారి నాటి నుంచీ అదే. ఈ చర్చ చూశాక, మీరు వెతుకుతున్న రచన ప్రతి ఇంట్లోనూ బీరువాలో ఒకటి ఉంటుందని చెప్పాలనిపించింది. దాని పేరు పంపకాల దస్తావేజు.

పైన 'అన్నదమ్ములమైన మనము ఇంతవరకు ఉమ్మడిగా అన్యోన్యముగా జీవించి' అని మొదలవుతుంది. అన్యోన్యం అన్న మాట రాయించుకునేటప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నా బల్లకు చెరో పక్క కూర్చుని ఉండటం నాకు అలవాటైన సంగతే. ఆ తరువాత ఎ షెడ్యూలు, బి షెడ్యూలు. మాగాణి అయితే సర్వే నంబరు, సెంట్లు, నాలుగు పక్కలా హద్దులు, నీరు ఏ తూము నుంచి ఏ బోదె గుండా రావాలి, ధాన్యం బండి ఎవరి గట్టు మీదుగా పుంతలోకి చేరాలి అన్నది రాయాలి. ఇక్కడ ఒక్క మాట తేడా వస్తే వచ్చే దాళ్వాలోనే తలలు పగులుతాయి. కొబ్బరితోట అయితే చెట్ల లెక్క వేరు, ముదురు చెట్లు, లేత మొక్కలు విడివిడిగా.

కష్టమంతా ఇంటి దగ్గర వస్తుంది. పాత మండువా లోగిలిని రెండు చేయడం భూమిని రెండు చేసినంత తేలిక కాదు. సావిట్లో ఏ దూలం దగ్గర గీత పడాలి, నుయ్యి ఉమ్మడిగా ఉంచినప్పుడు మోటారు ఖర్చు ఎవరిది, దేవుడి గది ఎవరి వాటాలో పడితే రెండోవాళ్లు పండగనాడు దీపం పెట్టుకోవడానికి లోపలికి రావచ్చా లేదా, ఇవన్నీ రాస్తాము. నేను రాసిన ఒక దస్తావేజులో వంటింటి గోడలోని గూటిని గురించి ఒక పేరా ఉంది, ఎందుకంటే ఆ గూడు అవతలి వాటా వైపు తెరుచుకుని ఉంది. దాన్ని మూయించే ఖర్చు దగ్గర ఇద్దరు తోడికోడళ్లూ కచేరీ బయట మాట్లాడుకున్న మాటలను ఏ కథకుడైనా విని ఉంటే బాగుండేది.

తల్లి సంగతి చివర వస్తుంది. భర్త పోయిన తల్లికి ఫలానా గదిలో జీవితాంతం ఉండే హక్కు, ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, మందులకు నెలకు ఇంత, ఆమె తదనంతరం ఆ గది ఫలానా వాటాలో కలిసిపోయేటట్టు అని రాస్తాము. ఆమె ఎదుటే కూర్చుని ఉంటుంది. 'తదనంతరం' అని చదివి వినిపించేటప్పుడు నేను గొంతు కొంచెం తగ్గిస్తాను, కానీ చదవక తప్పదు. అన్నీ విని, ఒకావిడ 'గదికి గడియ లోపల వైపు ఉండేటట్టు రాయి బాబూ' అన్నది. దస్తావేజులో అటువంటివి రాయరు. అయినా రాశాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆడపిల్లల సంతకాల గురించి కూడా చెప్పాలి. మన ప్రాంతంలో సంక్రాంతికి ఆడపడుచులు పుట్టింటికి వస్తారు, కొత్త అల్లుడికి చేసే మర్యాదల గురించి లోకమంతా చెప్పుకుంటుంది. ముక్కనుమ దాటి కచేరీ తెరిచిన రోజున మా బల్లల దగ్గర రద్దీ ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పుకోరు. పండగ చీర కట్టుకునే వచ్చి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం చేసి, ఆ సాయంత్రం బస్సుకు అత్తింటికి వెళ్లిపోతారు. అందులో 'ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, మనస్ఫూర్తిగా' అన్న మాటలు తప్పనిసరిగా ఉంటాయి. కొందరి విషయంలో అది అక్షరాలా నిజం కూడా, అన్నగారు పెళ్లికి చేసిన అప్పు ఎంతో వాళ్లకు తెలుసు. మేడమ్ గారు పిల్లలకు ఒక దస్తావేజు నకలును కూడా కథ పక్కన పెట్టి చదివిస్తే బాగుంటుందని నా మనవి.

సమాధానం: 'ఉండి కాలువ గట్టు'

దస్తావేజు రాసే బాబాయి గారి జాబు చదివాక, మాష్టారి మాటల్లో ఒకదానితో నేను ఏకీభవించలేకపోతున్నాను. బాపిరాజు గారి ఇల్లు నిజమే అన్నారు, ఆ ఇంట్లో తిన్నవాళ్లం ఉన్నామన్నారు. వండినవాళ్లను కూడా అడగాలి కదండీ. ఉమ్మడి ఇంటి చల్లదనాన్ని రాసినవారిలో ఎక్కువమంది ఆ ఇంటికి వారసులు. వాటా లేనివారి కళ్లతో చూసినప్పుడు మాత్రమే మన కథల్లో ఇల్లు ఇల్లుగా కనిపిస్తుంది, శ్రీపాద వారి కథ అంత బలంగా ఉండటానికి కారణం కూడా అదే. ఆ కథలోని అమ్మాయికి పుట్టింట్లో చట్టప్రకారం ఏమీ లేదు. హిందూ స్త్రీల ఆస్తి హక్కు గురించిన 1937 చట్టం రాకముందు ఉమ్మడి కుటుంబంలో వితంతువుకు భర్త తరఫున మనోవర్తి తప్ప వాటా అన్నది లేదు, పుట్టింట్లోనైతే ఆ మనోవర్తి కూడా అడగడానికి లేదు, పెట్టింది తిని చెప్పింది చేయడమే. ఆ సంగతి చెప్పకుండా కథ చదివిస్తే, తల్లి కఠినురాలు, అక్కచెల్లెళ్లు గయ్యాళులు అని రాసి పిల్లలు ఊరుకుంటారు. వాళ్లు కఠినంగా ఉండటానికి ఆ ఇంట్లో వీలు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి.

మా వైపు ఆడపిల్ల పెళ్లిలో పసుపు కుంకుమల కింద పొలం రాసి ఇవ్వడం ఉంది. ఎంత ఇచ్చారన్నది ఊరంతా చెప్పుకుంటారు. ఆ పొలం పేరుకు ఆమెది, శిస్తు వసూలు చేసేది అత్తింటివారు, అమ్మవలసి వస్తే సంతకం మాత్రం ఆమెది. ఇప్పుడు ఆ పొలాల్లో చాలావరకు రొయ్యల చెరువులయ్యాయి, లీజు డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా ఎవరి ఫోనుకు ముడిపడి ఉందో చూస్తే ఆ ఇంటి కాపురం సగం అర్థమవుతుంది. చట్టం తన పని తాను చేసింది. హిందూ వారసత్వ చట్టానికి 1986లో మన శాసనసభ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేటట్టుగా, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కు ఇచ్చింది. 2005లో వచ్చిన కేంద్ర సవరణ పెళ్లయిన కూతుళ్లకూ ఇచ్చింది, దాని అమలుకు తండ్రి ఆనాటికి బతికి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఇన్ని జరిగినా ముక్కనుమ మరునాటి సంతకాలు ఆగలేదని బాబాయి గారే రాశారు. అక్కడే కథ ఉంది. హక్కు ఉందని తెలిసి, అడిగితే పుట్టింటి గడప తొక్కలేనని కూడా తెలిసి, పెన్ను పట్టుకున్న ఆ ఒక్క క్షణాన్ని రాయగలిగిన కథకు నేను పది పండగ కథలనైనా ఇస్తాను.

మేడమ్ గారూ, రాజమహేంద్రవరంలో 1933లో పుట్టిన అబ్బూరి ఛాయాదేవి గారిని మీ జాబితాలో తప్పక చేర్చండి. ఆమె కథల్లో మండువా లోగిళ్లూ మాగాణులూ కనిపించవు, పాత్రలు చాలావరకు పట్నవాసులు. అయితే మన ఇళ్లలో ఆడపిల్లను పెంచే తీరును ఆమె పట్టుకున్నంత నెమ్మదిగా, అంత నిర్దాక్షిణ్యంగా పట్టుకున్నవారు తక్కువ. 'బోన్సాయ్ బ్రతుకు' పిల్లలకు తెలిసే ఉంటుంది. దానికన్నా 'తన మార్గం' ఈ చర్చకు దగ్గరగా ఉంటుంది, ఆ పేరుతో వచ్చిన సంపుటికే 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. భర్త పోయిన తరువాత పిల్లల పంచన కాకుండా తన బతుకు తాను బతకాలనుకున్న పెద్దావిడ కథ అది. పైన దస్తావేజులో గడియ లోపల వైపు ఉండాలన్న తల్లిని ఈ కథ పక్కన కూర్చోబెట్టండి, విద్యార్థులకు వేరే వ్యాఖ్యానం అవసరం ఉండదు.

సమాధానం: 'లంక కుర్రాడు'

పెద్దలందరూ వాటాల గురించి మాట్లాడుతున్నారు. వాటా పంచుకోవడానికి అసలు ఏమీ లేని ఇళ్లు డెల్టాలో ఎన్నో ఉన్నాయి, వాటికీ సాహిత్యం ఉంది. ఈ చర్చలో ఇంతవరకు ఒక్క పాలేరు కూడా కనబడకపోవడం నాకు వింతగా తోచింది. భూస్వామి ఇంటి గురించి ఎవరు ఎంత ఆప్యాయంగా రాసినా, తెల్లవారకముందే పాలు పితికి, పేడ ఎత్తి, కాలువ నుంచి నీళ్లు మోసిన మనిషి ఆ ఇంటి మనిషా కాదా అన్న ప్రశ్న మిగులుతుంది. మాటకు 'మా ఇంటివాడే' అంటారు. తినేది మాత్రం దొడ్డిలో, తాగేది వేరే గ్లాసులో. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకం ఈ ప్రశ్నకు తన పద్ధతిలో జవాబు చెప్పింది. పాలేరు చదువుకుని అధికారి అవుతాడు. ఇప్పటి పాఠకుడికి ఆ మలుపు కొంచెం తేలికగా అనిపించవచ్చు, నాకూ అనిపించింది. అయినా ఆ రోజుల్లో పల్లెల్లో ఆ నాటకాన్ని చూస్తున్న కూలి తల్లిదండ్రులకు, కొడుకును గేదెల వెంట కాకుండా బడికి పంపవచ్చునన్న ఆలోచనే కుటుంబం గురించిన కొత్త మాట. ఉన్నవాళ్ల కుటుంబ కథలో కొడుకు తండ్రి ఆస్తికి వారసుడు, ఈ నాటకంలో కొడుకు తండ్రి పనికి వారసుడు కాకుండా బయటపడాలి. ఈ రెండిటినీ ఒకే తరగతిలో చదివించకపోతే పాఠం సగమే అవుతుంది.

పాలగుమ్మి పద్మరాజు గారిని కూడా మరిచిపోకూడదు. 'గాలివాన'కు 1952లో అంతర్జాతీయ కథల పోటీలో రెండవ బహుమతి రావడం వల్ల అందరూ దాన్నే చెబుతారు. ఆ కథలోని రావు గారికి కుటుంబమంటే తాను ఏర్పరచుకున్న నియమాల చట్రం, దాన్ని ఒక తుఫాను రాత్రి ఒక బిచ్చగత్తె ముందు పరీక్షకు పెట్టడం కథకుడి గొప్పతనమే. నాకు మాత్రం 'పడవ ప్రయాణం' మీద ప్రేమ ఎక్కువ. రాత్రివేళ కాలువ మీద సాగే పడవలో రంగి తన కథ చెప్పుకుంటుంది. పద్దాలు ఆమెను కొట్టినవాడు, మరో ఆడదాని దగ్గరకు పోయేవాడు, దొంగ. ఆమె అతన్ని విడిచిపెట్టదు, దొంగతనంలో కూడా తోడు నిలుస్తుంది. మంగళసూత్రం, ఇంటిపేరు, పంపకాల దస్తావేజు ఏదీ లేని ఆ ఇద్దరి మధ్య ఉన్నదాన్ని కుటుంబం అనాలా, మరేదైనా అనాలా అని పిల్లలను అడగండి. రంగిని బాధితురాలు అని ఒక్క మాటలో తేల్చేస్తే కథ చేజారుతుంది, త్యాగమూర్తి అన్నా అంతే. ఉండి కాలువ అక్కగారికి నా మాట నచ్చకపోవచ్చు, అయినా ఈ కథ వాటాల లెక్కకు లొంగదని నా నమ్మకం.

ఇక గల్ఫ్ సంగతి. మా పేటలో చాలా ఇళ్లలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో మరొకరి పిల్లలను పెంచుతుంటుంది, ఆమె పిల్లలను అమ్మమ్మ పెంచుతుంది. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. అక్కడ వంటిల్లు కడిగి ఆమె గదికి చేరేసరికి ఇక్కడ పిల్లలు నిద్రపోతుంటారు. అందుకని అమ్మమ్మ నిద్రలో ఉన్న పిల్లవాడి మొహం మీదకు ఫోను పట్టుకుని చూపిస్తుంది, అవతల నుంచి 'లేపకు' అన్న మాట వినబడుతుంది. పంపిన డబ్బుతో స్లాబు ఇల్లు లేస్తుంది, ఆ ఇంట్లో ఆమె సెలవులో వచ్చినప్పుడు తప్ప ఉండదు. కుటుంబాన్ని పోషిస్తున్నది ఆమె, కుటుంబంలో లేనిది కూడా ఆమే. ఈ ఇంటిని లోపలి నుంచి రాయవలసినవాళ్లు మీ తరగతిలోనే కూర్చుని ఉన్నారని మీరే మొదట్లో చెప్పారు. వాళ్లను పనసచెట్టు గురించి రాయనివ్వడం ఇక చాలించమనండి.

కొబ్బరితోట దారి:

అందరికీ కృతజ్ఞతలు. వరుస ఇలా అనుకుంటున్నాను. మొదట 'రాజశేఖర చరిత్రము'లో ఆస్తి కరిగిపోయే ప్రకరణాలు, తరువాత 'అరికాళ్లకింద మంటలు', దాని పక్కనే 1937కు ముందు వితంతువు హక్కుల గురించి ఒక పుట నోట్సు, ఆపైన 'పాలేరు' నుంచి ఒక అంకం, 'పడవ ప్రయాణం', 'తన మార్గం'. మాష్టారి మనవిని కూడా పక్కన పెట్టను, 'నారాయణరావు'లో కొత్తపేట ఇంటి భాగం ఉంటుంది. కాకపోతే దాన్ని మొదట కాకుండా చివర్లో చదివిస్తాను, అప్పటికి ఆ వంటింట్లో ఎవరున్నారో పిల్లలే అడుగుతారు. గల్ఫ్ ఇళ్ల గురించి ఎవరినీ బలవంతంగా రాయించను. తల్లి ఊసు పదిమందిలో ఎత్తడం కొందరికి ఇష్టం ఉండదు, పేరు వేయకుండా ఇవ్వవచ్చునని మాత్రం చెబుతాను.

దస్తావేజు రాసే బాబాయి గారికి ఒక విన్నపం. నిజమైన నకలు తరగతిలోకి తేవడం నాకు ఇష్టం లేదు, ఏ ఇంటిదో ఎవరో ఒకరు గుర్తుపట్టేస్తారు. దాని బదులు మరేదైనా దారి చూపగలరా?

దస్తావేజు రాతగాడు:

నిజమే మేడమ్, నకలు ఎవరిదైనా ఇవ్వడం ధర్మం కాదు. పేర్లూ సర్వే నంబర్లూ అన్నీ కల్పించి ఒక మాదిరి దస్తావేజు రాసి పంపుతాను. ఇద్దరు అన్నదమ్ములు, ఒక అక్క, తల్లి, ఒక మండువా లోగిలి, మూడెకరాల మాగాణి, కొంత కొబ్బరితోట ఉంటాయి. అక్క సంతకం చోటు ఖాళీగా ఉంచుతాను. ఆమె చేత సంతకం చేయించాలా వద్దా, చేయిస్తే ఏ మాటల కింద చేయించాలి అన్నది విద్యార్థులనే రాయమనండి. హద్దులు రాసేటప్పుడు తూర్పు నుంచి మొదలుపెట్టమనండి, మా కచేరీలో వాడుక అదే.